అమరజీవి పొట్టి శ్రీరాములు: ఆంధ్ర రాష్ట్ర అవతరణ, తుంగభద్ర జలాశయంపై హక్కు

ప్రత్యేక వ్యాసం

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె బంగాళాఖాతం ఒడ్డున ఉన్న గ్రామం. తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ, దానికావల సముద్రం. వేటపైన, వ్యవసాయంపైన ఆధారపడిన ఈ ప్రాంతపు ప్రజలకు తూర్పున నీటికి కొదవ లేదు. తాగడానికి, సాగు చేయడానికి పనికివచ్చే నీరు మాత్రం పడమటి నుండి, నదుల మీదుగా, కాలువల మీదుగా రావలసిందే. ఆంధ్ర రాష్ట్ర సాధనకై ప్రాణాలర్పించిన అమరజీవి పొట్టి శ్రీరాములు పూర్వీకుల గ్రామంగా జువ్వలదిన్నె పేరు ఆయన జీవిత చరిత్రలలో కనిపిస్తుంది.

శ్రీరాములు పేరు చెప్పగానే భాషాప్రయుక్త రాష్ట్రం గుర్తుకు వస్తుంది. ఆయన ఆత్మార్పణ ఫలితంగా ఏర్పడిన రాష్ట్రానికి సరిహద్దులతో పాటు కార్యాలయాలు, రికార్డులు, అప్పులు, ఆస్తులు కూడా పంచవలసి వచ్చింది. ఆ ఆస్తులలో అన్నింటికన్నా పెద్దది, పంపకానికి అన్నింటికన్నా కష్టమైనది తుంగభద్ర జలాశయం. ఒక ప్రభుత్వం నిర్మించిన జలాశయం మరొక ప్రభుత్వపు హక్కుగా ఏ విధంగా మారింది, ఆ హక్కు చివరకు పొలం గట్టు వరకు ఏ మేరకు చేరింది అన్న విషయాలను ఆ మహనీయుని జీవితంతో కలిపి పరిశీలించడం సముచితం.

బాల్యం, విద్య, ఉద్యోగం

పొట్టి శ్రీరాములు 1901 మార్చి 16న మద్రాసు నగరం జార్జిటౌన్‌లోని అణ్ణాపిళ్ళై వీధిలో గురవయ్య, మహాలక్ష్మమ్మ దంపతులకు జన్మించారు. ఇరవై యేళ్ళ వయసు వరకు ఆయన విద్యాభ్యాసం మద్రాసులోనే సాగింది. అనంతరం బొంబాయిలోని విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగు చదివారు. నగరాలకు మంచినీరు చేర్చడం, మురుగునీరు తొలగించడం, ప్రజారోగ్యాన్ని కాపాడటం ఆ విద్యకు ప్రధాన విషయాలు. చదువు పూర్తయిన పిమ్మట గ్రేట్ ఇండియన్ పెనిన్సులర్ రైల్వేలో చేరి సుమారు నాలుగేళ్ళు పనిచేశారు.

1920వ దశకం చివరలో ఆయన కుటుంబ జీవితం ఛిన్నాభిన్నమైంది. భార్యను, అప్పుడే పుట్టిన బిడ్డను కోల్పోయారు. ఆ దుఃఖం నుండి తేరుకున్న తరువాత ఉద్యోగానికి రాజీనామా చేసి, ఉన్నదంతా విడిచిపెట్టి, సబర్మతి ఆశ్రమానికి వెళ్ళి మహాత్మాగాంధీ అనుచరులయ్యారు.

గాంధేయ మార్గంలో

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని 1930లో శ్రీరాములు కారాగారవాసం అనుభవించారు. 1941, 1942 సంవత్సరాలలో వ్యక్తి సత్యాగ్రహం, క్విట్ ఇండియా ఉద్యమాల సందర్భంగా మళ్ళీ జైలుకు వెళ్ళారు. జైలు వెలుపల ఉన్న రోజులలో గ్రామ పునర్నిర్మాణం ఆయన పని. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లోను, కృష్ణా జిల్లా కొమరవోలులో యెర్నేని సుబ్రహ్మణ్యం స్థాపించిన గాంధీ ఆశ్రమంలోను సేవలందించారు. 1943-44 ప్రాంతంలో నెల్లూరు జిల్లాకు వచ్చి చరఖా, ఖద్దరు ప్రచారంలో నిమగ్నులయ్యారు. కులమత భేదాలు పాటించక ఏ ఇంట పెట్టిన భోజనమైనా స్వీకరించేవారు.

నెల్లూరులో ఆయన చేపట్టిన దీక్షలు దళితుల హక్కుల కోసం. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితుల ప్రవేశం కోరుతూ నిరాహార దీక్ష చేసి సఫలీకృతులయ్యారు. ఆ తరువాత మరో దీక్ష ద్వారా, జిల్లా కలెక్టర్లు వారంలో కనీసం ఒక రోజు దళితాభ్యుదయానికి కేటాయించేటట్లు మద్రాసు ప్రభుత్వం చేత ఉత్తర్వులు ఇప్పించగలిగారు. ఈ దీక్షను పరిపాలనా రంగంలోని వారు ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. ఆయన కోరినది సానుభూతి ప్రకటన కాక, అధికారి దినచర్యలో చోటు. ఒక ఆశయం కాగితం మీదికి, కాగితం నుండి అమలుకు ఎలా రావాలో ఆయనకు స్పష్టమైన అవగాహన ఉండేది.

జీవితపు చివరి సంవత్సరాలలో నెల్లూరులో నివసించిన శ్రీరాములు దళితోద్ధరణ నినాదాలు రాసిన అట్టలు మెడకు తగిలించుకుని, కాళ్ళకు చెప్పులు లేకుండా, తలపై గొడుగు లేకుండా ఎండలో వీధులు తిరిగేవారు. ఆయనను పిచ్చివానిగా చూసి నవ్వినవారు కూడా ఆనాడు లేకపోలేదు. ఆ నవ్వులను ఆయన పట్టించుకోలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో నీటి ప్రశ్న

తెలుగు ప్రాంతాలకు ప్రత్యేక రాష్ట్రం కావాలన్న కోరికకు అప్పటికే నాలుగు దశాబ్దాల చరిత్ర ఉన్నది. 1913లో బాపట్లలో జరిగిన ప్రథమ ఆంధ్ర మహాసభ నాటి నుండి ఆ కోరిక వినవస్తూనే ఉంది. భాష, ఉద్యోగాలు, విశ్వవిద్యాలయం వంటి అంశాలతో పాటు నదీజలాల ప్రస్తావన కూడా ఉద్యమంలో మొదటి నుండి ఉన్నది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు నివాసమైన శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణా, పెన్నా జలాల వినియోగంలో రాయలసీమకు, నెల్లూరుకు ప్రాధాన్యం ఇవ్వాలని అంగీకరించారు. రాష్ట్రం ఏర్పడటానికి పదహారు సంవత్సరాల ముందే, రాబోయే రాష్ట్రపు నీటి విధానం ఆ విధంగా కాగితం మీదికి వచ్చింది.

బళ్ళారి జిల్లా హోస్పేట సమీపంలో తుంగభద్ర నదిపై ఆనకట్ట నిర్మాణానికి మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు 1944లో ఒప్పందానికి వచ్చాయి. దాని ప్రకారం చెరొక 65 టీఎంసీల నీరు వాడుకోవలసి ఉన్నది. 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. నది కుడివైపు పనులు మద్రాసు, ఎడమవైపు పనులు హైదరాబాదు చేపట్టాయి. కుడికాలువ కింద లబ్ధి పొందవలసిన అనంతపురం, కర్నూలు, కడప, బళ్ళారి ప్రాంతాల తరఫున నిర్ణయాధికారం మద్రాసులోని ఉమ్మడి ప్రభుత్వానిదే.

ఇదే కాలంలో కృష్ణా జలాలను పెన్నాకు, అక్కడి నుండి దక్షిణానికి మళ్ళించే కృష్ణా-పెన్నార్ పథకాన్ని మద్రాసు ప్రభుత్వం ముందుకు తెచ్చింది. కృష్ణా డెల్టా రైతాంగం, ఆంధ్ర నాయకులు దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. తమ నది నీరు ఎక్కడికి పోవాలో తమ ప్రతినిధులు అల్పసంఖ్యాకులుగా ఉన్న సభలో నిర్ణయం కావడం వారి ప్రధాన అభ్యంతరం. 1952లో ఖోస్లా సంఘం ఈ విషయాన్ని పరిశీలించి నందికొండ వద్ద ప్రాజెక్టు నిర్మాణాన్ని సిఫారసు చేసింది. ఇదే తరువాతి నాగార్జునసాగర్.

రాజకీయంగా మాత్రం రాష్ట్ర విభజన ముందుకు సాగలేదు. 1948లో ధార్ కమిషన్ భాషాప్రయుక్త రాష్ట్రాలకు అనుకూలించలేదు. జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయి పటేల్, పట్టాభి సీతారామయ్యలతో కూడిన సంఘం 1949లో ఇచ్చిన నివేదిక, మద్రాసు నగరంపై హక్కు వదులుకుంటే ఆంధ్ర ఏర్పాటును పరిశీలించవచ్చని సూచించింది. మద్రాసు విషయంలో ఏకాభిప్రాయం కుదరక ఆ ప్రయత్నమూ ఆగిపోయింది. 1951 ఆగస్టు 15న గుంటూరులో స్వామి సీతారాం ప్రారంభించిన నిరాహార దీక్ష 35 రోజుల అనంతరం ఆచార్య వినోబా భావే అభ్యర్థనపై ముగిసింది. ఫలితం మాత్రం రాలేదు.

యాభై ఎనిమిది రోజులు

ఈ పరిస్థితులలో 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులోని బులుసు సాంబమూర్తి నివాసంలో పొట్టి శ్రీరాములు ఆమరణ నిరాహార దీక్ష ప్రారంభించారు. సాంబమూర్తి మద్రాసు శాసనసభకు పూర్వపు సభాపతి. దీక్ష ఆరంభంలో దానికి లభించిన ఆదరణ పరిమితమే. పూర్వపు దీక్షల వలె ఇదీ ఏదో ఒక హామీతో ముగుస్తుందని పలువురు భావించారు.

శ్రీరాములు దీక్ష విరమించలేదు. నవంబరు గడిచింది, డిసెంబరు వచ్చింది. ఆయన శరీరం క్షీణించిన కొద్దీ ఆంధ్ర జిల్లాలలో ఆందోళన పెరిగింది. ఢిల్లీ, మద్రాసుల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. స్పష్టమైన ప్రకటన మాత్రం వెలువడలేదు. 58వ రోజున, 1952 డిసెంబరు 15 రాత్రి, శ్రీరాములు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 సంవత్సరాలు.

మరునాటి నుండి శ్రీకాకుళం మొదలు నెల్లూరు వరకు తెలుగు ప్రాంతాలు అట్టుడికిపోయాయి. రైళ్ళ రాకపోకలు స్తంభించాయి. పలుచోట్ల పోలీసు కాల్పులలో ప్రాణనష్టం సంభవించింది. నెల్లూరు కూడా ఇందుకు మినహాయింపు కాలేదు. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. నాలుగు దశాబ్దాల తీర్మానాలతో కదలని నిర్ణయం, ఒక వ్యక్తి మరణానంతరం నాలుగు రోజులలో వెలువడింది. ఈ రెంటి మధ్య దూరాన్ని కొలవవలసిన బాధ్యత నిర్ణయాలు తీసుకునే ప్రతి తరానికీ ఉన్నది.

ఆస్తుల పంపకం, జలాశయం బదిలీ

కొత్త రాష్ట్రం ఆర్థిక, పరిపాలనా విషయాల పరిశీలనకు కేంద్ర ప్రభుత్వం జస్టిస్ కైలాస్‌నాథ్ వాంఛూను నియమించింది. 1953 ఫిబ్రవరిలో ఆయన నివేదిక అందింది. పదకొండు తెలుగు జిల్లాలతో పాటు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారి తాలూకా విషయాన్ని పరిశీలించిన జస్టిస్ మిశ్రా సిఫారసుపై ఆ తాలూకా మైసూరుకు చేరింది. హోస్పేట కూడా మైసూరుకే పోవడంతో తుంగభద్ర ఆనకట్ట ఉన్న స్థలం ఆంధ్ర సరిహద్దుకు వెలుపల మిగిలింది. మద్రాసు నగరమూ ఆంధ్రకు దక్కలేదు.

జలాశయం ఒక రాష్ట్రంలో, దాని కాలువల కింది ఆయకట్టులో అధిక భాగం మరో రాష్ట్రంలో ఉన్న ఈ చిక్కును 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర చట్టం 66వ సెక్షన్ ద్వారా పరిష్కరించడానికి ప్రయత్నించింది. తుంగభద్ర ప్రాజెక్టుకు సంబంధించి మద్రాసు రాష్ట్రానికి ఉన్న హక్కులు, బాధ్యతలు నిర్ణీత దినం నుండి ఆంధ్ర, మైసూరు రాష్ట్రాలకు సంక్రమిస్తాయని ఆ సెక్షన్ పేర్కొన్నది. సర్దుబాట్లు రెండు రాష్ట్రాలు పరస్పర అంగీకారంతో చేసుకోవాలని, నిర్ణీత గడువులోగా అంగీకారం కుదరని పక్షంలో రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా నిర్ణయించవచ్చునని నిర్దేశించింది. ఈ సెక్షన్ కింద రాష్ట్రపతి తుంగభద్ర బోర్డును ఏర్పాటు చేశారు. బోర్డు అధ్యక్షుని కేంద్ర ప్రభుత్వం నియమిస్తుంది. లబ్ధి పొందే రాష్ట్రాల ప్రతినిధులు సభ్యులుగా ఉంటారు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. టంగుటూరి ప్రకాశం ప్రథమ ముఖ్యమంత్రిగా, చందూలాల్ త్రివేది గవర్నరుగా బాధ్యతలు స్వీకరించారు. అదే సంవత్సరం తుంగభద్ర నీరు కాలువలలోకి వచ్చింది. తమ నీటి విషయమై తామే ప్రతినిధిని పంపగల అధికారం ఆంధ్రకు లభించింది. ఆనకట్ట తలుపులు ఎత్తే దించే పని మాత్రం ఉమ్మడి బోర్డు చేతిలో ఉండిపోయింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు ఆంధ్ర రాష్ట్రం హైదరాబాదుతో సమాన భాగస్వామిగా నిలబడగలిగింది.

శ్రీరాములు తన దీక్షలో జలాశయాల పంపకాన్ని షరతుగా పెట్టలేదు. ఆయన కోరినది రాష్ట్రం. రాష్ట్రం అంటే నీటిపై, భూమిపై, ఖజానాపై నిర్ణయించుకునే వేదిక కనుక, ఆయన మరణంతో తెరుచుకున్న తలుపు గుండానే తుంగభద్ర హక్కు కూడా ఇటు వచ్చింది.

హక్కుతో పాటు వచ్చిన బరువు

బచావత్ ట్రిబ్యునల్ కేటాయింపుల ప్రకారం తుంగభద్ర జలాశయం నుండి వినియోగానికి ఉద్దేశించిన 212 టీఎంసీలలో ఆంధ్రప్రదేశ్‌కు ఎగువ కాలువ ద్వారా 32.5, దిగువ కాలువ ద్వారా 24, కర్నూలు-కడప కాలువకు 10, మొత్తం 66.5 టీఎంసీలు రావలసి ఉన్నది. రాజోలిబండ మళ్ళింపు పథకం కింద తెలంగాణకు 6.51 టీఎంసీలు. తక్కిన భాగం కర్ణాటకది. నిర్మాణ సమయంలో సుమారు 133 టీఎంసీలుగా ఉన్న జలాశయ సామర్థ్యం పూడిక వలన సుమారు 105 టీఎంసీలకు తగ్గింది. కాగితంపై హక్కు మారకపోయినా, పంచుకోవలసిన నీటిపాత్ర చిన్నదైంది.

2024 ఆగస్టు 10 రాత్రి జలాశయం 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. తాత్కాలిక స్టాప్‌లాగ్ అమర్చేలోపు పెద్దయెత్తున నీరు దిగువకు పోయింది. యాజమాన్యం అంటే నీటి వాటాతో పాటు ఇనుప తలుపుల వయసు, మరమ్మతుల ఖర్చు, నిర్ణయంలో జాప్యం అన్నీ పంచుకోవడమేనని ఆ రాత్రి మూడు రాష్ట్రాల ఆయకట్టు రైతులకు గుర్తుచేసింది.

పొలం గట్టు వరకు

మద్రాసు నుండి కర్నూలుకు, కర్నూలు నుండి హైదరాబాదుకు, అటు నుండి అమరావతికి రాజధాని మారినా, కాలువ చివరి రైతుకు నీరు చేరకపోతే అధికార బదిలీ సగంలోనే ఆగినట్లు. ఈ లోటును పూరించేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం చేశారు. అదే సంవత్సరం జూన్‌లో ఎన్నికలు జరిగి పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. సంఘం, డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ప్రాజెక్టు కమిటీ అన్న మూడంచెలలో నీటి పంపిణీ, కాలువల నిర్వహణ రైతు ప్రతినిధులకు అప్పగించడం ఈ చట్టం ఉద్దేశం. జలాశయాల యాజమాన్యం మాత్రం ప్రభుత్వానిదే. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఘాలకు మరల ఎన్నికలు నిర్వహించారు.

ఇతర దేశాలలోనూ ఇటువంటి ప్రయత్నాలు జరిగాయి. మెక్సికో 1990వ దశకంలో సాగునీటి జిల్లాల నిర్వహణను వినియోగదారులకు అప్పగించింది. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం నిర్మించిన కొన్ని జలవనరుల నిర్మాణాల యాజమాన్యాన్ని స్థానిక నీటి సంస్థలకు బదిలీ చేసే ప్రక్రియను 2019 నాటి చట్టం సులభతరం చేసింది. అంతటా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. హక్కుపత్రం చేతికి వచ్చిన తరువాత మరమ్మతుకు డబ్బు ఎవరు పెట్టాలి, వరద వచ్చిన రాత్రి ఎవరు మేలుకొని ఉండాలి?

స్మృతి

మైలాపూరులో శ్రీరాములు ప్రాణం విడిచిన ఇంటిని స్మారకంగా పరిరక్షిస్తున్నారు. 2000 సంవత్సరంలో భారత తపాలా శాఖ ఆయన స్మారకార్థం తపాలా బిళ్ళ విడుదల చేసింది. 2008లో నెల్లూరు జిల్లాకు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాగా నామకరణం జరిగింది. నాటి నుండి ఈ జిల్లాలో వెలువడే ప్రతి ఉత్తర్వు పైన, ప్రతి పట్టాదారు పాసుపుస్తకం పైన ఆయన పేరు ఉంటున్నది.

కలెక్టరు వారంలో ఒక రోజు దళితుల కోసం కేటాయించాలని దీక్ష చేసిన మనిషి పేరు, నేడు కలెక్టరేటు ముఖద్వారంపై ఉన్నది. శానిటరీ ఇంజనీరింగు చదివి రైల్వే ఉద్యోగం వదులుకున్న ఆయన స్వయంగా ఏ కాలువా తవ్వలేదు, ఏ ఆనకట్టా కట్టలేదు. కట్టినవాటి మీద నిర్ణయించే అధికారం ఆయన ఆత్మార్పణతో ఈ ప్రాంత ప్రజలకు కొంత దగ్గరైంది. ఆ అధికారాన్ని రాజధాని నుండి ప్రాజెక్టుకు, ప్రాజెక్టు నుండి తూముకు, తూము నుండి చివరి మడికి చేర్చడం ఆయన తరువాతి తరాల వంతు. జువ్వలదిన్నె వంటి తీర గ్రామాలు, నీటి ప్రయాణంలో చిట్టచివర ఉన్న ఊళ్ళు, ఆ పని ఎంతవరకు వచ్చిందో చెప్పగల అసలైన కొలబద్దలు.